కొండ నేలల్లో ఎరువు, కర్బనం, దిగుబడి: జి.మాడుగుల గరువుల ఆధారంగా ఒక విచారణ

తూర్పు కనుమల గిరిజన ప్రాంతంలో, ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగమైన జి.మాడుగుల మండలం, అంటే గంగరాజు మాడుగుల, వ్యవసాయ శాస్త్రానికి ఒక చిక్కు ప్రశ్న వేస్తుంది. భూసార పరీక్షా పత్రంలో సేంద్రియ కర్బనం గడి ఎదుట తరచుగా మధ్యస్థమనీ, అధికమనీ రాసి ఉండే ఈ కొండ నేలల్లో చోడి (రాగి), సామ, వరి, రాజ్‌మా దిగుబడులు ఆ అంకెకు తగినట్టుగా ఎందుకు ఉండవన్నదే ఆ ప్రశ్న. కర్బనం ఎక్కువున్న నేల సారవంతమైన నేల అన్న సూత్రం మైదానంలో చాలావరకు నిలుస్తుంది. కొండ ఎక్కేసరికి దానికి కొన్ని షరతులు తోడవుతాయి. ఆ షరతులేమిటో, గెత్తం (పశువుల ఎరువు), సున్నం, బూడిద, యూరియా, జీవామృతం వంటివి ఆ నేలలో ఏం చేస్తాయో, ఏం చేయలేవో పరిశీలించడమే ఈ ఉపన్యాసం విషయం.

ముందుగా ఆ నేల పుట్టుక తెలియాలి. తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే శిలకు ఖొండలైట్ అని పేరు. 1902లో భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్.వాకర్ ఈ కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీదుగా దానికి ఆ పేరు పెట్టాడు. ఒక రాతికి ఆదివాసుల పేరు దక్కిన అరుదైన సందర్భమిది. ఈ శిల లక్షల ఏళ్ల వానకు నాని, శిథిలమై, అందులోని కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం వంటి క్షార మూలకాలు గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, కొట్టుకుపోగా, నీటిలో సులువుగా కరగని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు వెనక మిగిలాయి. ఆ ప్రక్రియ చివరిదాకా సాగిన కొండ శిఖరాల మీద బాక్సైట్ ఏర్పడితే, సగంలో ఉన్న వాలుల మీద ఎర్రటి గరప నేలలు ఏర్పడ్డాయి. బాక్సైట్ గనుల వివాదంలో పదే పదే వినిపించిన జెర్రెల, గాలికొండ పేర్లూ, రైతు గరువులో, అంటే మెట్ట పొలంలో, కనిపించే ఎర్రమట్టీ ఒకే రసాయనిక చరిత్రలోని రెండు దశలు. క్షారాలు పోయి ఆమ్ల స్వభావం మిగలడం ఆ చరిత్రకు సహజమైన ఫలితం. నేల ఆమ్లమో క్షారమో చెప్పే కొలతను ఉదజని సూచిక అంటారు. అది 7 ఉంటే తటస్థం, అంతకు తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది. సూచిక 5.5 కంటే దిగితే మట్టిలోని అల్యూమినియం కరిగి, లేత వేళ్ల కొనలను మొద్దుబారుస్తుంది. వేరు కురచైన మొక్క పక్కనే ఉన్న నీటినీ పోషకాన్నీ కూడా అందుకోలేదు.

భాస్వరం విషయంలో నష్టం ఇంకా పెద్దది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు భాస్వరాన్ని తమ ఉపరితలాల మీద గట్టిగా పట్టి ఉంచుతాయి. దీన్నే భాస్వర స్థిరీకరణ అంటారు. ఇలాంటి నేలలో వేసిన సూపర్ ఫాస్ఫేట్‌లో కొంత భాగమే ఆ పంటకు దక్కుతుంది, మిగిలింది మట్టిలోనే ఉన్నా మొక్కకు అందుబాటులో ఉండదు. అందుచేత ఇక్కడి పంటకు అసలు అడ్డంకి చాలాచోట్ల నత్రజని కొరత కాదు, ఆమ్లత్వమూ దాని వెంట వచ్చే భాస్వరపు కరువూ. మైదాన ప్రాంతపు అలవాటు మాత్రం ఎరువు అనగానే యూరియా బస్తాను తలుచుకుంటుంది.

ఇక కర్బనం సంగతి. ఆకు, వేరు, పేడ వంటి జీవ పదార్థం కుళ్ళి, సూక్ష్మజీవులు తినగా మిగిలి, మట్టి రేణువులకు అంటుకుని నిలిచిన దానిని సేంద్రియ పదార్థం అంటారు. అందులో సుమారు 58 శాతం కర్బనమన్న పాత అంచనా ప్రకారమే కర్బనపు అంకెను 1.724తో హెచ్చించి సేంద్రియ పదార్థాన్ని లెక్కకడతారు. 1934లో వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన పరీక్షా విధానమే నేటికీ భారతీయ ప్రయోగశాలల్లో ప్రమాణం. కర్బనం 0.5 శాతం కంటే తక్కువైతే అల్పమనీ, 0.75 దాటితే అధికమనీ వర్గీకరిస్తారు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే సూక్ష్మజీవులు కుళ్ళబెట్టే వేగం ఇంచుమించు సగానికి పడిపోతుంది కనుక, శీతాకాలపు రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెకు దిగే జి.మాడుగుల వంటి చోట కర్బనం నిలవడం సహజమే. ఆ నిలవలో కొంత నేల ఆరోగ్యానికి గుర్తయితే, మరికొంత చలికీ ఆమ్లత్వానికీ సూక్ష్మజీవులు మందగించాయనడానికి గుర్తు. భూసార పరీక్షా పత్రం ఆ తేడా చెప్పదు. కర్బనం అధికమని ఉంటే నత్రజని సిఫారసు తగ్గించే పద్ధతి మైదానానికి సరిపోవచ్చు. కర్బనంలో బందీగా ఉన్న నత్రజని విడుదలే మందగించిన ఆమ్ల నేలకు దాన్ని యథాతథంగా వర్తింపజేయడం సమంజసం కాదు.

ఈ కొండల్లో ఎరువుల శాస్త్రం పోడుతోనే మొదలైంది. పొదలను నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో చోడీ సామలూ కందీ చల్లే పద్ధతిని అటవీ శాఖ శతాబ్దానికి పైగా విధ్వంసంగానే చూసింది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద పెరిగిన ఆంక్షలు, 1922-24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటానికి దారితీసిన కారణాల్లో ఒకటన్నది చరిత్రలో స్థిరపడిన విషయం. రసాయనికంగా చూస్తే మాత్రం పోడు ఆమ్ల నేలకు కనిపెట్టిన చికిత్స. బూడిదలో కాల్షియం, పొటాషియం, మెగ్నీషియం కార్బనేట్లుగా, ఆక్సైడ్లుగా ఉండి సున్నం చేసే పనే చేస్తాయి. భాస్వరం మొక్కకు తేలికగా అందే రూపంలో దొరుకుతుంది. ఉదజని సూచిక ఒక్క సీజనులోనే పైకి లేస్తుంది. మొదటి ఏటి పంట బాగా రావడానికి కారణమిదే. అయితే మంటలో నత్రజనీ గంధకమూ చాలావరకు పొగగా పోతాయి, చెట్టులో ఉన్న కర్బనం గాలిలో కలుస్తుంది, రెండు మూడేళ్లలో వాన ఆ బూడిదను వాలు దింపేస్తుంది. బీడు వదిలిన నేల తిరిగి అడవయ్యేంత కాలం దొరికితే ఆ లోటు పూడేది. జనం పెరిగి, భూమి కుదించుకుపోయి, బీడు గడువు తగ్గిన తర్వాత పూడడం లేదు. తప్పు పద్ధతిలో కంటే గడువులో ఉందని ఒప్పుకుంటే చర్చ సగం తేలికవుతుంది.

రసాయనిక ఎరువులు నేలలోని కర్బనాన్ని తినేస్తాయన్న మాట నేడు పల్లెపల్లెనా వినిపిస్తుంది. దీనికి సమాధానం అభిప్రాయాల్లో కాక, ఒకే మడిలో ఒకే ఎరువును దశాబ్దాల తరబడి వేసి చూసిన దీర్ఘకాలిక ప్రయోగాల్లో వెతకాలి. 1843లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో లాస్, గిల్బర్ట్ మొదలుపెట్టిన బ్రాడ్‌బాక్ గోధుమ క్షేత్రం వీటిలో అతి ప్రాచీనం. అక్కడ ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు పడిన మడిలో కర్బనం, ఏ ఎరువూ ఎరగని మడితో పోలిస్తే రెండింతలకు మించింది. రసాయనిక ఎరువు మాత్రమే పడిన మడుల్లో కర్బనం తరిగిపోలేదు, ఎరువు లేని మడి కంటే కొంచెం మెరుగ్గానే నిలిచింది. దక్షిణ భారతంలో కోయంబత్తూరు శాశ్వత ఎరువుల ప్రయోగం 1909లో ఆరంభమైంది. 1970లో భారత వ్యవసాయ పరిశోధన మండలి దేశవ్యాప్త దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగ పథకాన్ని ప్రారంభించింది. తెలుగు నేలలో జగిత్యాల దాని కేంద్రాల్లో ఒకటి.

జి.మాడుగులకు పాఠం చెప్పగల కేంద్రాలు ఇందులో జగిత్యాల నల్లరేగడి కాదు, ఆమ్ల నేలలున్న హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్, జార్ఖండ్‌లోని రాంచీ. పాలంపూర్‌లో నత్రజని ఒక్కటే వేస్తూ వచ్చిన మడుల్లో ఉదజని సూచిక ఏటేటా దిగి, మొక్కజొన్న దిగుబడి చివరికి సున్నాకు చేరింది. అదే క్షేత్రంలో నత్రజని, భాస్వరం, పొటాష్ మూడింటికీ సున్నం తోడైన మడి, పశువుల ఎరువు తోడైన మడి దిగుబడిని నిలబెట్టుకున్నాయి. రాంచీ ఎర్రనేలల్లోనూ కథ ఈ దారినే నడిచింది. కారణం పుస్తకాల్లో ఉన్నదే: యూరియాలోని నత్రజని మట్టిలో నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం విడుదలవుతుంది, వంద కిలోల యూరియా కలిగించే ఆమ్లత్వాన్ని సరిచేయడానికి లెక్కప్రకారం సుమారు 80 కిలోల సున్నపురాయి పొడి కావాలి, అంటే 45 కిలోల బస్తాకు 36 కిలోలు. బస్తా అమ్మేవారెవరూ ఆ 36 కిలోల సంగతి చెప్పరు. చోడి రైతుకు ఇంకా దగ్గరి సాక్ష్యం బెంగళూరు ఎర్రనేలల ప్రయోగం: అక్కడ దశాబ్దాల పాటు చోడికి సిఫారసు చేసిన రసాయనిక ఎరువు మాత్రమే వేసిన మడుల్లో దిగుబడి క్రమంగా క్షీణించగా, దానికి హెక్టారుకు పది టన్నుల పశువుల ఎరువు కలిపిన మడులు అన్నింటికంటే ముందు నిలిచాయి.

ఈ ప్రయోగాలన్నింటినీ కలిపి చదివితే తేలేదొకటి: కర్బనం ఎరువు బస్తాలోంచీ రాదు, బస్తా వల్ల నేరుగా పోదు, అది ప్రధానంగా పంట వదిలే వేళ్ల నుంచీ మొదళ్ల నుంచీ వస్తుంది. ఎరువు పంటను పెంచితే వేరు పెరుగుతుంది, వేరు పెరిగితే కర్బనం పెరుగుతుంది. ఎరువు ఆమ్లత్వాన్ని పెంచి వేరును చంపితే కర్బనానికి వచ్చే దారే మూసుకుపోతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1876 నుంచి సాగుతున్న మారో క్షేత్రాల లెక్కలతో 2007లో కొందరు శాస్త్రవేత్తలు నత్రజని ఎరువు కర్బనాన్ని హరిస్తుందని వాదించారు. ఎరువు లేని మడితో పోల్చకుండా కాలంతో మాత్రమే పోల్చడం సరికాదని మరికొందరు దానిని ఖండించారు. ఆ వాదం ముగిసిందనలేము కానీ, రెండో పక్షానిదే బలమని ప్రపంచంలోని ఎక్కువ ప్రయోగాలు సూచిస్తున్నాయి. పైగా కర్బనం ఒంటరిగా నిలిచే పదార్థం కాదు. ఒక టన్ను కర్బనం స్థిరమైన జీవాంశంగా మారి మట్టిలో నిలవాలంటే దాని వెంట సుమారు 80 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం, 14 కిలోల గంధకం కూడా నిలవాలి. ఈ మూడూ లేని నేలలో ఎంత గడ్డి కప్పినా, అందులో చాలా భాగం బొగ్గుపులుసు వాయువుగా గాలిలోకి వెళ్లిపోతుంది.

గెత్తం లెక్క కూడా ఒకసారి వేసి చూడదగినదే. ఎకరం నేలలో పైన పదిహేను సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 790 టన్నులు. అందులో కర్బనం 0.1 శాతం పెరగడమంటే సుమారు ఎనిమిది వందల కిలోల కర్బనం కొత్తగా నిలవాలి. ఎకరాకు ఏటా అయిదు టన్నుల గెత్తం తోలితే అందులో ముప్పాతిక టన్ను కర్బనం ఉంటుందనుకున్నా, కుళ్ళగా నిలిచేది ఏడింట ఒక వంతుకు మించదు కనుక, ఆ 0.1 శాతానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఏడాది తిరగకుండానే కర్బనం పెంచేస్తామని చెప్పే ఏ ద్రవాన్నయినా, ఏ పొడినయినా ఈ లెక్క ముందు పెట్టి చూడాలి. పోషకాల వైపు నుంచి చూస్తే గెత్తంలో నత్రజని అర శాతం. యూరియా బస్తాలోని ఇరవై కిలోల పైచిలుకు నత్రజనికి నాలుగు టన్నుల గెత్తం సమానం. గెత్తం విలువ ఆ నాలుగు టన్నుల పోలికలో లేదు. అది కుళ్ళేటప్పుడు పుట్టే సేంద్రియ ఆమ్లాలు కరిగిన అల్యూమినియాన్ని బంధిస్తాయి, భాస్వరాన్ని పట్టుకునే ఆక్సైడ్ ఉపరితలాలను ముందే ఆక్రమించి భాస్వరాన్ని పంటకు మిగులుస్తాయి. ఆమ్ల నేలలో గెత్తం పోషకంగా కంటే విరుగుడుగా ఎక్కువ పనిచేస్తుంది. ఉన్న కర్బనాన్ని కాపాడుకోవడానికే ఎంత కావాలో తెలియడానికి అనంతపురం వేరుశనగ చేలలో ఇరవై ఏళ్లు సాగిన ప్రయోగం ఒక కొలమానం ఇచ్చింది: హెక్టారుకు ఏటా 1.12 టన్నుల కర్బనం నేలకు చేరితేనే నిలవ తరగకుండా ఉంటుందని చెరుకుమల్లి శ్రీనివాసరావు, ఆయన సహచరులు 2012లో ప్రకటించారు. అనంతపురం ఎండ వేరు, ఇక్కడి చలి వేరు. అయినా కోత తర్వాత చోడి గడ్డీ సామ గడ్డీ మొత్తం చేను దాటిపోయే పద్ధతిలో ఆ లోటు ఎంతో కొంత తప్పదు.

ఈ సందర్భంలో ప్రకృతి వ్యవసాయాన్ని విడిచిపెట్టి మాట్లాడడం కుదరదు. 2014లో ఏర్పడిన రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2016 నుంచి విస్తరించి, 2024లో ఆచార్య రతన్‌లాల్‌తోనూ ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థతోనూ కలిసి గుల్బెంకియన్ మానవీయతా పురస్కారాన్ని పంచుకుంది. అందులో ముఖ్యమైన జీవామృతాన్ని ఎరువుగా తూచడం పొరపాటు. ఎకరాకు పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి కలిపిన రెండు వందల లీటర్ల ద్రావణంలో ఉండే నత్రజని ఇంచుమించు పావు కిలో. ఎకరాకు ఆరు క్వింటాళ్ల చోడి పంట గింజతో, గడ్డితో తీసుకుపోయేది పన్నెండు కిలోల పైమాటే. ఈ వ్యత్యాసాన్ని సూక్ష్మజీవుల పేరుతో కప్పిపుచ్చకూడదు. 2020లో నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో జో స్మిత్, ఆమె సహచరులు ప్రచురించిన అంచనా ప్రకారం ఈ పద్ధతి అందించగల నత్రజని, దేశంలో సగటున వాడే ఎరువు నత్రజనిలో గరిష్ఠంగా 52 నుంచి 80 శాతమే. కనుక ఎరువులు దండిగా వాడే రైతుకు దిగుబడి తగ్గే ప్రమాదముంది, ఎరువులు ఎరగని రైతుకు మేలు కలగవచ్చు. జి.మాడుగుల రైతు ఈ రెండో వర్గంలోని వాడు. మరోవైపు ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆంధ్రప్రదేశ్ రైతుల పొలాల్లోనే చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో ప్రకృతి వ్యవసాయపు మడులు సేంద్రియ మడులకంటే మెరుగైన దిగుబడి ఇచ్చాయి. నేలను కప్పిన ఆచ్ఛాదన వల్ల మట్టి చల్లబడి, తేమ నిలిచి, వానపాములు పెరగడం దీనికి దోహదం చేసిందని వారు గుర్తించారు. జీవామృతానికి దక్కే కీర్తిలో పెద్ద వాటా నిజానికి ఆచ్ఛాదనకూ, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి ఏడాది పొడవునా నేలను పచ్చగా ఉంచే పద్ధతికీ చెందాలి. కొండవాలు మీద ఈ రెండింటి విలువ ఇంకా ఎక్కువ. మాడుగుల కొండల్లో పుట్టే మత్స్యగెడ్డ వాన కాలంలో ఎర్రగా పారి మాచ్‌ఖండ్‌గా జోలాపుట్ జలాశయానికి మోసుకుపోయేది కర్బనం అత్యధికంగా ఉండే ఆ పై పొర మట్టినే. వాలుకు అడ్డంగా గట్టు లేని గరువుకు వేసే ఏ ఎరువైనా సగం జలాశయానికి వేసినట్టే.

ప్రకృతి వ్యవసాయంలోనూ, రసాయనిక వ్యవసాయంలోనూ సమానంగా విస్మరణకు గురైనది సున్నం. ఆమ్లత్వాన్ని పూర్తిగా తొలగించడానికి హెక్టారుకు కొన్ని టన్నుల సున్నం కావాలంటే కొండ రైతుకు అది తలకు మించిన భారమే. ఆమ్ల నేలల మీద దేశంలో జరిగిన పరిశోధన దీనికి తేలికైన దారి చూపింది: మొత్తం నేలకు కాక, విత్తే సాలులో మాత్రమే హెక్టారుకు రెండు నుంచి నాలుగు క్వింటాళ్ల మెత్తని సున్నపురాయి పొడి ఏటా వేస్తే వేరు మొదట తాకే మట్టి సరవుతుంది. ఉక్కు కర్మాగారాల్లో మిగిలే బేసిక్ స్లాగ్ కూడా ఇదే పని చేయగలదు. భాస్వరానికి, క్షార నేలలో కరగక వృథా అయ్యే రాక్ ఫాస్ఫేట్ ఈ ఆమ్ల నేలలో నెమ్మదిగా కరిగి అందుతుంది. ఇతర ప్రాంతాలకు లేని ఈ సౌలభ్యాన్ని ఏజెన్సీ వాడుకోవాలి. గాలి చాలని మంటలో కాల్చి చేసే బొగ్గుపొడిని, అంటే బయోచార్‌ను, వెయ్యడం పోడు బూడిదకు కొత్త రూపం. అందులోని కర్బనం తేలికగా కుళ్ళదు. 2017లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణలో ఉష్ణమండలాల్లో దిగుబడి సగటున 25 శాతం పెరగగా, సమశీతోష్ణ దేశాల్లో దాని వల్ల లాభం కనిపించలేదు. దానికి ముఖ్య కారణం ఉష్ణమండలపు నేలల ఆమ్లత్వమే. అయితే వంటచెరకును బొగ్గు చేయమనడం అడవికి చేటు. కాఫీ పొట్టు, సిల్వర్ ఓక్ కత్తిరింపులు, రాజ్‌మా తొక్కలతో మాత్రమే దానికి అర్థముంది.

పంటను బట్టి కూడా నిర్ణయం మారాలి. రాజ్‌మా పప్పుధాన్యమే అయినా, మన నేలల్లో దాని వేళ్ల మీద నత్రజని బుడిపెలు సరిగా ఏర్పడవు. అందుచేత కందికి లాగా దాన్ని వదిలేస్తే గింజ నిలవదు, దానికి గెత్తంతో పాటు బయటి నత్రజని కొంత అవసరమే. కాఫీ తోటలో ఆకు రాలి కర్బనం తనంతట తాను పెరుగుతుంది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత సేంద్రియ ముద్ర దాని మార్కెట్టు విలువలో భాగమైంది కనుక, అక్కడ యూరియా మాట ఎత్తకుండా, పండు తొక్కను కుళ్ళబెట్టి తోటకే తిప్పడమూ సున్నం వేయడమూ చాలు. గెడ్డ వార వరి మడులకు పై వాలుల నుంచి సారం దిగి వస్తుంది; వాటి సంగతి వేరు. నిజమైన దీనస్థితి పైన ఉన్న చోడి, సామ, వలిసె గరువులదే. అక్కడికి గెత్తం మోయడం కష్టం, సున్నం మోయడం కష్టం, లాభం స్వల్పం. సబ్సిడీ ఇవ్వదలిస్తే ఈ గరువుకు చేరే సున్నానికీ, దాన్ని కొండెక్కించే కూలికీ ఇవ్వడం, బస్తా ఎరువుకు ఇవ్వడం కంటే న్యాయం.

చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికీ, ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికీ, పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకూ, ప్రకృతి వ్యవసాయ కార్యకర్తలకూ ఈ వేదిక నుంచి చేయదగిన విన్నపం ఇది. జి.మాడుగుల వాలు మీద, వానాధారపు చోడి పంటలో, ఒకే కంచె లోపల ఏ ఎరువూ లేని మడి, గెత్తం మడి, గెత్తానికి సాలు సున్నం తోడైన మడి, పొడి రూపంలోని ఘన జీవామృతానికి ఆచ్ఛాదన తోడైన మడి, సున్నంతో కూడిన సమతుల రసాయనిక ఎరువుల మడి పక్కపక్కన పెట్టి, కనీసం ఇరవై ఏళ్లు వాటిని మార్చకుండా కాపాడాలి. ప్రతి ఏటా దిగుబడి, అయిదేళ్లకోసారి ముప్పై సెంటీమీటర్ల లోతు దాకా కర్బనం, ఉదజని సూచిక కొలిచి, ఆ అంకెలను తెలుగులో గ్రామ సచివాలయం గోడ మీద రైతులకు కనిపించేలా అతికించాలి.